పోర్టు తెరిచే ముందు వ్యాన్ ఐపీ చూడండి

అందరికీ నమస్తే. నల్లగొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల సీసీ కెమెరాలు బిగించేటోళ్లు, మిల్లుల్లో కంప్యూటర్ చూసుకునేటోళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి సూటిగా పనిలోకి వస్తాను.

"పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినం, అయినా బయటి నుంచి డీవీఆర్ వస్తలేదు" అనేది అందరి ఫిర్యాదు. డీవీఆర్ అంటే కెమెరాల రికార్డింగ్ పెట్టె, పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్‌ను దాని దాకా పంపమని రౌటర్‌లో రాసే రూల్. చాలాసార్లు రూల్ సరిగ్గానే ఉంటుంది, తేడా లైన్‌లో ఉంటుంది. ముందు రౌటర్ పేజీ తెరవండి. అడ్రస్ సాధారణంగా 192.168.1.1, కాకపోతే పెట్టె కింది స్టిక్కర్ మీద ఉంటుంది. స్టేటస్‌లో వ్యాన్ ఐపీ, అంటే ఆపరేటర్ లైన్ వైపు మీ రౌటర్‌కు ఉన్న అడ్రస్, రాసుకోండి. అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో, మన ఐపీ చూపించే ఏదైనా సైట్ తెరవండి. కోలన్లతో పొడుగ్గా కనబడేది ఐపీవీ6, దాన్ని వదిలేసి ఐపీవీ4 చూడండి. రెండూ ఒకటే అయితే ముందుకు పోవచ్చు.

వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. ఐపీవీ4 అడ్రసులు చాలక, ఆపరేటర్ల కోసమే 2012లో ఈ వరుసను పక్కన పెట్టారు. నాట్ అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామంది పంచుకోవడం, సీజీనాట్‌లో ఎన్నో ఇండ్లకు కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్ ఉంటుంది. బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్ ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటర్ దాకా రానే రాదు. ఇక మీరు ఎన్ని పోర్టులు తెరిచినా దండగే. ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఉండే, మారని పబ్లిక్ అడ్రస్) అడగాలి, లేదంటే కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్‌తో సరిపెట్టుకోవాలి.

వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే ఎక్కువగా రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టు. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీని (ఫైబర్ పెట్టె) బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైన్‌ను అట్లే పంపేటట్టు పెట్టి, పీపీపీఓఈ లాగిన్ (ఆపరేటర్ నెట్‌కు కలిపే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) మీ రౌటర్‌లో ఇవ్వాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఆపరేటర్ లైన్‌కు పెట్టిన వీల్యాన్ నంబరు చేతికి రాకముందే బ్రిడ్జ్ చేశారంటే ఇంట్లో నెట్టే ఉండదు.

ఇక రూల్. డీవీఆర్‌కు ముందు డీహెచ్‌సీపీ రిజర్వేషన్ చెయ్యండి. దాని మ్యాక్ అడ్రస్‌కు (పరికరానికి కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబరు) 192.168.1.50 లాంటి ఒక ఐపీని కట్టెయ్యాలి. ఇది చెయ్యకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు డీవీఆర్‌కు వేరే ఐపీ పడొచ్చు, పాత ఐపీ ఎవరి ఫోన్‌కో పోవచ్చు. నిన్నటిదాకా వచ్చింది ఇయ్యాల రాకపోవడానికి సగం కారణం ఇదే. తర్వాత బయటి పోర్టు, లోపలి ఐపీ, లోపలి పోర్టు, ప్రోటోకాల్ నింపాలి. డీవీఆర్ కంపెనీల్లో హిక్‌విజన్ డిఫాల్ట్ పోర్టు 8000, దహువాది 37777, రెండింటి ప్రోటోకాల్ టీసీపీయే. పరీక్ష మాత్రం మొబైల్ డేటా మీద చెయ్యండి. చాలా రౌటర్లలో నాట్ లూప్‌బ్యాక్ ఉండదు, ఇంటి వైఫై నుంచి పబ్లిక్ ఐపీ కొడితే రూల్ బాగున్నా తెరుచుకోదు.

నా సలహా అడిగితే డీవీఆర్‌ను నేరుగా బయటపెట్టొద్దనే చెప్తాను. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లలోకే దూరింది. పోర్టు నంబరు మార్చినం కదా అంటారు. తాళం వెయ్యకుండా తలుపుకు రంగు మార్చినట్టే అది, నెట్‌ను గాలించే స్కానర్ ప్రోగ్రాములు అన్ని పోర్టులూ వెతుకుతాయి. ట్యాలీ కోసం ఆఫీసు కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి 3389 తెరిచి ఉంచడం ఇంకా ప్రమాదం, రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే మాల్వేర్) అది బాగా తెలిసిన దారి. రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి మన నెట్‌లోకి తాళం ఉన్న దారి) ఉంటే యూడీపీ 51820 ఒక్కటి తెరవండి. కెమెరా, ట్యాలీ రెండూ ఆ వీపీఎన్ లోపలి నుంచే వస్తాయి.

మిగతావి చకచకా చెప్తాను. డీఎంజెడ్‌లో (ఒక పరికరానికి అన్ని పోర్టులూ తెరిచే సెట్టింగ్) ఏదీ పెట్టొద్దు. యూపీఎన్‌పీ ఆపెయ్యండి, లేకుంటే ఇంట్లోని ఏ పరికరమైనా అడగకుండానే పోర్టు తెరుచుకుంటుంది. గేమింగ్ పిల్లలు గొడవ చేస్తే ఆ ఒక్క పోర్టే చేత్తో ఇవ్వండి. వ్యాన్ వైపు రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్ ఉండాలి. టీఆర్-069 మాత్రం ముట్టుకోవద్దు, ఆపరేటర్ ఓఎన్‌టీని దూరం నుంచి సరిచేసేది దాంతోనే. ఐపీవీ6లో సాధారణంగా నాట్ ఉండదు, అక్కడ అడ్డు ఉండేది ఫైర్‌వాల్ ఒక్కటే. అది ఆన్‌లో ఉందో లేదో జర చూసుకోండి.

అంతా అయ్యాక కాన్ఫిగ్ బ్యాకప్ ఫైల్ దించుకోండి. రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి పట్టుకుంటే మీ రూల్స్‌తో పాటు పీపీపీఓఈ లాగిన్ కూడా పోవచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం ఆ పని పెట్టుకోకండి, ఆపరేటర్ ఫోన్ ఎత్తడు.