ఆయుధ పూజ రోజు బ్యాటరీలు మార్చా | క్యారీ గన్‌కి లైట్, లేజర్, సైట్స్ మేం ఎలా ఎంచుకున్నాం | డాలస్ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ అందరికీ, దసరా శుభాకాంక్షలు. పొద్దున్నే పూజ అయిపోయింది, పులిహోర, గారెలు అయ్యాయి, మామయ్యగారు తిని కాసేపు నడుం వాల్చారు, మా ఆయన స్టోర్‌కి వెళ్ళారు, బాబు స్కూల్‌కి వెళ్ళాడు, ఇక్కడ దసరాకి సెలవు ఉండదు కదా, ఇల్లు కాస్త నిశ్శబ్దంగా దొరికింది కాబట్టి వెంట పెట్టుకుని తిరిగే గన్‌కి, అంటే క్యారీ గన్‌కి, లైట్, లేజర్, గురి చూసే సైట్స్ గురించి ఎప్పట్నించో అనుకుంటున్న ఈ వీడియో ఇవాళే చేసేస్తున్నా.

పూజలో కారు తాళాలు, మా ఆయన టూల్ బాక్స్, నా కుట్టు మిషన్‌తో పాటు ఈ లాక్ బాక్స్ కూడా పెట్టాం చూడండి, కుంకుమ బొట్టు బాక్స్ మూత మీద పెట్టా, లోపల గన్‌కి పెట్టలేదు, ఎందుకంటే పసుపు గానీ కుంకుమ గానీ లైట్ లెన్స్ మీద పడితే తుడిచేకొద్దీ ఇంకా అలుక్కుపోతుంది, పోయినేడు అలాగే అయ్యింది.

తీసే ముందు ఒక్క నిమిషం. బుల్లెట్లుండే మ్యాగజైన్ తీసేశా, గన్ పైభాగం, అంటే స్లైడ్, వెనక్కి లాగి లాక్ చేశా, బుల్లెట్ కూర్చునే ఛాంబర్‌లోకి చూడటమే కాదు చిటికెనవేలు పెట్టి తడిమి కూడా చూశా, ఖాళీ. ఈ గదిలో ఒక్క రౌండ్, అంటే బుల్లెట్, కూడా లేదు, అన్నీ క్లోజెట్‌లో తాళం వేసి ఉన్నాయి. ఇంట్లో 13 ఏళ్ళ పిల్లాడున్నాడు, టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే అది నేరం, చట్టం సంగతి అటుంచినా తల్లిగా నాకది నిద్ర పట్టనివ్వదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. మీరు హెచ్-1బి మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉంటే ఈ వీడియో చూసి షాప్‌కి వెళ్ళిపోకండి ప్లీజ్. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర గన్ గానీ బుల్లెట్లు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, హంటింగ్ లైసెన్స్ లాంటి ఒకట్రెండు మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడగాలి, ఫ్రెండ్‌ని కాదు. మేం గ్రీన్ కార్డ్ వచ్చాకే కొన్నాం. మామయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చారు కాబట్టి ఆయన చేతికి కూడా ఇవ్వం, ఆయనే అన్నారు, నాకెందుకమ్మా దూరం నుంచే చూస్తాలే అని.

మాది గ్యాస్ స్టేషన్‌కి ఆనుకుని ఉన్న స్టోర్, రాత్రి 11కి మూసేసి క్యాష్ లెక్క చూసుకుని చీకట్లో కారు దాకా నడవాలి, వారంలో మూడ్రోజులు ఆ పని నాదే. అందుకే క్యారీ. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు దాటి, చట్టప్రకారం గన్ ఉంచుకోగలిగిన వాళ్ళకి లైసెన్స్ లేకపోయినా క్యారీ చెయ్యొచ్చు, అయినా నేను క్లాసుకెళ్ళి లైసెన్స్ తీసుకున్నా, చట్టం అక్కడే సరిగ్గా అర్థమైంది నాకు. అసలు ఈ సైట్ల గొడవంతా మొదలైంది కూడా ఆ లైసెన్స్ కోసం పెట్టే షూటింగ్ టెస్ట్‌లోనే.

టెస్ట్‌లో 50 రౌండ్లు కాల్చాలి, 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10, మొత్తం 250 పాయింట్లకి 175 రావాలి. మూడు, ఏడు గజాల దగ్గర బానే ఉంది. 15 దగ్గరికొచ్చేసరికి ముందు సైట్ నాకు మసక మసకగా ఉంది. నాకు 46, ప్రోగ్రెసివ్ అద్దాలు, దగ్గరివి కనపడాలంటే అద్దం కింది భాగంలోంచి చూడాలి, అంటే ముందు సైట్ క్లియర్‌గా కనపడాలంటే గడ్డం పైకెత్తాలి, గడ్డం ఎత్తితే మెడ బిగుసుకుంటుంది, భుజాలు లేస్తాయి, బుల్లెట్లు కిందకి పోతాయి. పాసైతే అయ్యాను గానీ ఆ పది రౌండ్లు చూసుకుంటే నాకు భయమేసింది, ఎందుకంటే తప్పిన ప్రతి బుల్లెట్ ఎక్కడో ఒకచోటికి వెళ్తుంది కదండీ.

మా గన్ గ్లాక్ 43ఎక్స్ ఎమ్‌ఓఎస్, అంటే పైన అద్దం సైట్ బిగించడానికి కట్ (చోటు) ఉన్న రకం, సన్నగా ఉంటుంది, 10 రౌండ్ల మ్యాగజైన్. దీనితో వచ్చే సైట్లు ప్లాస్టిక్‌వి, ముందు తెల్ల చుక్క, వెనక తెల్ల యు ఆకారం. ముందు వాటిని తీయించి ట్రిటియం సైట్లు వేయించాం. ట్రిటియం అంటే చిన్న గాజు గొట్టంలో ఉండే రేడియోధార్మిక వాయువు, దాని వల్ల గొట్టం లోపలి పూత బ్యాటరీ అక్కర్లేకుండా పచ్చగా వెలుగుతుంది, 12.3 ఏళ్ళకి ఆ వెలుగు సగమైపోతుంది కాబట్టి పాత గన్ కొనేవాళ్ళు సైట్ మీద తేదీ ఉందేమో చూసుకోండి. కానీ చీకట్లో మన సైట్ మనకి కనపడుతుంది గానీ ఎదుటివాళ్ళెవరో కనపడరు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

సైట్లు మారినా మసక మసకే, కళ్ళు నావే కదా. అప్పుడు రెడ్ డాట్‌కి వెళ్ళాం, అంటే గన్ పైన బిగించే చిన్న అద్దం, అందులో వెలిగే చుక్కతో గురి చూస్తాం, ఇదిగో హోలోసన్ 507కె. ఇనప సైట్లతో వెనకది, ముందుది, టార్గెట్టూ మూడూ ఒక గీత మీదకి తేవాలి, కన్ను ముందు సైట్ మీద నిలపాలి. డాట్‌తో అయితే రెండు కళ్ళూ తెరిచి టార్గెట్‌నే చూస్తాం, చుక్క దాని మీద తేలుతూ ఉంటుంది, దూరపు చూపు బాగుంటే చాలు. నలభై దాటినవాళ్ళకి ఇది నిజంగా వరం, నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా.

కాకపోతే మొదటిసారి ఆన్ చేసినప్పుడు నాకు చుక్క కనపడలేదు, తోకచుక్క కనపడింది, ఎడమవైపుకి సాగిపోయి చిందరవందరగా. పీస్ పాడైందనుకుని షాప్‌కి తీసుకెళ్దామని కూడా బయల్దేరా. మా ఆయన ఆపి, ఫోన్ కెమెరాతో ఆ అద్దంలోంచి ఫోటో తీశారు, ఫోటోలో గుండ్రంగా కుంకుమ బొట్టంత చక్కగా ఉంది. అంటే తేడా నా కంట్లో ఉంది, ఆస్టిగ్మాటిజం, కంటి వంపు సమంగా లేకపోవడం. ఖాళీ గన్‌ని కాస్త పక్కకి వంచి చూడండి, ఆ తోక గన్‌తో పాటు తిరగకుండా అలాగే ఉంటే అది మీ కంటిదే. నేను బ్రైట్‌నెస్ బాగా తగ్గించా, చాలా వరకు సర్దుకుంది. ఇందులో 2 ఎమ్‌ఓఏ చుక్క, దాని చుట్టూ 32 ఎమ్‌ఓఏ రింగ్ ఉంటాయి, ఎమ్‌ఓఏ అంటే చుక్క ఎంత పెద్దగా కనపడుతుందో చెప్పే కోణపు కొలత, రింగ్ అంటే 25 గజాల దగ్గర సుమారు 8 అంగుళాల పళ్ళెమంత, చుక్క అర అంగుళం. నాకు రింగ్ ఉంటేనే కన్ను తొందరగా పట్టుకుంటుంది, మా ఆయనకి వట్టి చుక్కే ఇష్టం. కొనే ముందు మీ కన్నుతో చూసుకోండి, ఎవరో చెప్పారని కాదు.

ఈ గన్ కట్ మీద 507కె నేరుగా కూర్చోదు, మధ్యలో ప్లేట్ వేయించాం, దాంతో ఎత్తు పెరిగింది, డాట్ ఆరిపోయినా ఇనప సైట్లు అద్దంలోంచి కనపడాలి కాబట్టి అవీ ఎత్తువి మార్చాల్సొచ్చింది, చూశారా ఒకటి మారిస్తే ఎన్ని మారతాయో. ఇంకోటి, ఇది ఓపెన్ టైప్, అంటే చుక్క వచ్చే చిన్న దీపం బయటికే ఉంటుంది. దగ్గరగా చూపిస్తా ఉండండి... అదిగో మూలకి, కనపడుతోందా, నా కుర్తీ నూలు పోగు. డాలస్ ఎండాకాలం చెమట, దుమ్ము, బట్టల పోగులు అన్నీ అక్కడికే చేరతాయి, వారానికోసారి కళ్ళజోడు గుడ్డతో తుడుస్తా. మళ్ళీ కొంటే మాత్రం అద్దాల మధ్య పూర్తిగా మూసేసి ఉండే క్లోజ్డ్ ఎమిటర్ రకమే తీసుకుంటా.

లేజర్ సంగతి. మొదట్లో ఒక షాపతను ఆడవాళ్ళకి ఇదే ఈజీ అని లైటూ లేజరూ కలిసున్నది అంటగట్టాడు, చుక్క ఎక్కడుంటే బుల్లెట్ అక్కడే, ప్రాక్టీస్ కూడా అక్కర్లేదన్నట్టు మాట్లాడాడు. అది తప్పండీ, నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. లేజర్ బ్యారెల్ కింద ఉంటుంది కాబట్టి ఏదో ఒక దూరానికే రెండూ సరిగ్గా కలుస్తాయి, మిగతా దూరాల్లో కాస్త అటూ ఇటూ. జూలై మధ్యాహ్నం అవుట్‌డోర్ రేంజ్‌లో ఎర్ర చుక్క నాకు ఏడు గజాలకే మాయమైంది. పచ్చది బాగా కనపడుతుంది, మన కన్నుకి పచ్చ కాంతే ఎక్కువ ఆనుతుంది, 555 నానోమీటర్ల దగ్గర, ఎరుపు దానికి చాలా దూరం. కానీ ఏ రంగైనా నేను గన్ ఎత్తడం మానేసి గోడమీద చుక్క కోసం వెతుక్కుంటున్నా, దొరికాక అది వణుకుతుంటే ఆగే క్షణం చూసి ట్రిగ్గర్ గుంజేస్తున్నా. చెయ్యి ఎవరిదైనా వణుకుతుంది, మామూలు సైట్లలో అంత కనపడదు అంతే.

అలాగని దాన్ని పనికిరానిదని అనను. భుజం ఆపరేషన్ అయ్యి చెయ్యి కంటి ఎత్తుకి లేవని ఫ్రెండ్ ఒకావిడ ఉంది, ఆవిడకి లేజరే సరైంది. నాకు కూడా ఇంట్లో ఖాళీ గన్‌తో ట్రిగ్గర్ ప్రాక్టీస్‌కి బాగా పనికొచ్చింది, నొక్కినప్పుడు చుక్క ఎడమకి ఎగురుతుంటే వేలు ఎక్కడ తప్పు చేస్తుందో కళ్ళ ముందే తెలుస్తుంది. క్యారీ గన్ మీద నుంచి మాత్రం తీసేశా.

ఇప్పుడు లైట్. ఇది స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-7 సబ్, వెలుగు 500 ల్యూమెన్లు, ఒక సీఆర్123ఎ బ్యాటరీ, గంటన్నర వెలుగుతుంది, 70 గ్రాముల లోపు బరువు. ఇంకా ఎక్కువ వెలుగువి ఉన్నాయి, 1000 ల్యూమెన్లవి, కానీ నేను చూసినవి పెద్దవి, నడుం దగ్గర దాగవు. ఇక్కడి ఇళ్ళలో గోడలన్నీ తెల్లవే కదా, నేలకి కొట్టినా గదంతా వెలుగొస్తుంది.

ఇది కొన్న కొత్తలో నేను మా ఆయనతో వాదించా, గన్‌కే లైటుండగా మంచం పక్కన వేరే టార్చ్ ఎందుకు అని. ఆయన వినకుండా ఒకటి కొని పెట్టారు. రెండు వారాల కింద మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. వచ్చిన మూడో రాత్రి, 3 గంటలకి, కింద వంటింట్లో స్టీల్ గ్లాసు పడ్డ చప్పుడు. నేను లేచి కూర్చున్నా. తర్వాత అడుగుల చప్పుడు, డ్రాయర్ లాగిన చప్పుడు. ఇంట్లో లైట్ ఒక్కటి కూడా వెలగట్లేదు, మన ఇంట్లో మనవాళ్ళు లైట్ వెయ్యకుండా ఎందుకు తిరుగుతారు అని మాత్రమే తోచింది నాకు, నిద్రమత్తులో ఆయన వచ్చారన్న సంగతే తట్టలేదండీ. చెయ్యి సేఫ్ దగ్గరికి వెళ్ళింది, కానీ పక్కనే టార్చ్ తగిలింది, అదే తీసుకుని మెట్ల పైనుంచి వేశా. ఫ్రిజ్ ముందు మామయ్యగారు, ఒక చేతిలో పెరుగు డబ్బా, ఇంకో చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని. "లేపేశానా అమ్మా? ఆకలేసింది, ఈ స్విచ్‌లు ఎక్కడున్నాయో తెలీలా" అన్నారు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర కదా, అన్నం టైము ఆయనకి.

పెరుగన్నం కలిపి పెట్టా, ఆయన తింటుంటే ఎదురుగా కూర్చున్నా, నా చేతులు చాలాసేపు వణికాయి. గన్‌కి బిగించిన లైట్ ఎటు తిరిగితే గన్ అటు తిరుగుతుంది. దానితో చూడాలంటే, ఎవరో తెలియకముందే మనిషి మీదకి గన్ ఎత్తాల్సొస్తుంది. ఆ రాత్రి నా చేతికి టార్చ్ కాక అది తగిలుంటే నేను పెరుగు డబ్బా పట్టుకున్న మా మామయ్యగారి వైపు గన్ పెట్టి ఉండేదాన్ని. కాల్చేదాన్నని కాదు, పెట్టడమే నేను ఊహించుకోలేను. అందుకే ఇప్పుడు నా వరస ఇది: ముందు చేతి టార్చ్, తర్వాత గన్ మీద లైట్, ఆ తర్వాత కంటికి సరిపడే సైట్, లేజర్ అవసరమున్నవాళ్ళకే. నేను డబ్బులు పెట్టిన వరస దీనికి సరిగ్గా తలకిందులు. మర్నాడే హాల్లో, మెట్ల దగ్గర, వంటింట్లో ప్లగ్ నైట్ ల్యాంపులు పెట్టేశాం.

లైట్ పెట్టాక పాత హోల్‌స్టర్, అంటే గన్ పెట్టుకునే ఒర, పట్టదు, ఆ లైట్‌కే మౌల్డ్ చేసింది తీసుకోవాలి. కొత్తది రాగానే ఖాళీ గన్ అందులో పెట్టి పైనుంచి చూడండి, లైట్ కోసం వదిలిన సందులోంచి ట్రిగ్గర్ కనపడుతుందా, వేలు గానీ బట్ట గానీ దూరుతుందా అని. మొదట తీసుకున్నదాంట్లో నా చున్నీ కొస దూరింది, వెంటనే పక్కన పెట్టేశా. జీన్స్, గట్టి బెల్టు, మీద వదులు కుర్తీ అయితే బయటికి కనపడదు, చీర కట్టినరోజు నేను క్యారీ చెయ్యను.

బ్యాటరీలకి ఒక గుర్తు పెట్టుకున్నాం, ఉగాదికోసారి దసరాకోసారి. డాట్‌ది సీఆర్1632, పక్కనుంచి ట్రే లాగితే వస్తుంది, సైట్ విప్పక్కర్లేదు, కాబట్టి గురి మళ్ళీ సరిచూసుకోనక్కర్లేదు. ఇదిగో పాతది తీశా, కొత్తది పెట్టా, ఆన్... వచ్చింది. లైట్‌ది కూడా అయిపోయింది.

ఆ, మామయ్యగారు లేచినట్టున్నారు. ఆయనకి కూడా ఒక చిన్న టార్చ్ ఇచ్చాం, దారం కట్టి మెడలో వేసుకుంటున్నారు. ఇచ్చినప్పుడు తిప్పి తిప్పి చూసి, "రాత్రిపూట కరెంటొస్తే మోటారెయ్యటానికి టార్చిలైటు లేందే పొలంలో అడుగు పెట్టేవాళ్ళం కాదమ్మా, పామో తాడో చూసుకోవద్దూ" అన్నారు. దాంట్లో కూడా బ్యాటరీ మార్చాలి ఇప్పుడు, అది తీసుకుని కాఫీ పెట్టడానికి వెళ్తున్నా, ఉంటానండీ.