ఆ మచ్చల్ని తుడవకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదవమని నా చేతిలో చీటీ పెట్టారు. అధ్యక్షులవారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నన్నొదిలెయ్యండి.

ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చుబొమ్మల కళ, దాని చరిత్ర మొత్తం చెప్పమన్నారు. నేను ఒక్క బొమ్మ దగ్గరే ఆగిపోతాను. స్విస్-జర్మన్ చిత్రకారుడు పాల్ క్లే 1920లో వేసిన ‘ఆంగెలుస్ నోవుస్’, అంటే కొత్త దేవదూత. ఎత్తు 32 సెంటీమీటర్లు కూడా ఉండదు. పెద్ద తల, కాగితం చుట్టల్లాంటి జుట్టు, పక్కకు తిరిగిన కళ్ళు, ఎడమెడంగా పళ్ళు, పిట్టకాళ్ళు. పైకెత్తినవి చేతులో రెక్కలో తేల్చుకోలేం.

ఎలా వేశాడంటారా? ఒక కాగితానికి నల్ల నూనెరంగు పూశాడు. దాన్ని శుభ్రమైన కాగితం మీద బోర్లించి, పైన తన బొమ్మ ఉంచి, గీతల వెంబడి సూదిమొనతో నొక్కుకుంటూ పోయాడు. మన పాత కార్బన్ పేపరే, సొంతంగా తయారుచేసుకున్నాడు. కింది కాగితం మీదికి గీత దిగింది. గీతతోపాటు చెయ్యి ఆనినచోటల్లా నల్లటి మరకలూ దిగాయి. వాటిని అలాగే ఉంచి, పైన నీటిరంగు వేశాడు. నూనెగీత నీళ్ళకు కరగదు కాబట్టి చెక్కుచెదరలేదు.

ఇక్కడొక మాట అనకపోతే నాకు నిద్రపట్టదు. ఆమధ్య ఒక పోటీకి మా పిల్లలు పంపిన మోనోటైపులు, అంటే ఒక్కటే ప్రతి వచ్చే అచ్చుబొమ్మలు, తిరిగొచ్చాయి. ‘ఎడిషన్ నంబరు లేదు, ఇది ప్రింట్ కాదు’ అన్నారు. ఎన్ని ప్రతుల్లో ఇది ఎన్నోదో చెప్పే అంకె అది. సరేనని పెయింటింగ్ విభాగానికి పంపితే, ‘ఇది ప్రింట్ కదా’ అని వాళ్ళూ తిప్పికొట్టారు. అయ్యా, అమ్మా, మీరే చెప్పండి! అడుగున పెన్సిల్‌తో అంకె వేస్తేనే ముద్రా? అదే బొమ్మను క్లే మళ్ళీ నొక్కినా చెయ్యి అదే చోట ఆనదు. ఒత్తిడి మారుతుంది, మరక మారుతుంది. నా గొడవంతా ఆ మరక గురించే.

1921లో ఈ బొమ్మను జర్మన్ తత్వవేత్త వాల్టర్ బెంజమిన్ కొనుక్కున్నాడు. 1940లో దీన్ని, కాళ్ళముందు శిథిలాలు గుట్టపడుతుంటే చూస్తున్న చరిత్ర దేవదూతగా ఊహిస్తూ ఆయన రాసిన పేరా లోకమంతా తిరిగింది. గొప్ప పేరా, కాదనను. కానీ ఏ సెమినారుకెళ్ళినా ఆ శిథిలాల గుట్ట మీద గంటసేపు మాట్లాడతారు, రంగు పూసిన కాగితం ఊసే ఎత్తరు. గడియారం చూపిస్తున్నావు, చూశాను బాబూ, కూర్చో.

2015లో ఆర్. హెచ్. క్వేట్‌మన్ అనే చిత్రకారిణి ఈ బొమ్మ అంచుల్ని పట్టి పట్టి చూసింది. దీన్ని ఒక పాత ముద్రాచిత్రం మీద అతికించారని, అది క్రైస్తవ మతసంస్కర్త మార్టిన్ లూథర్ బొమ్మ అని తేలింది. ముద్ర మీద ముద్ర! ఇన్నేళ్ళ తత్వచర్చలో ఎవరికీ దొరకనిది, అంచు చూసినావిడకు దొరికింది.

క్లే మనకు కొత్తవాడా? 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన, జర్మనీ కళాపాఠశాల బౌహౌస్ వాళ్ళ ప్రదర్శనకు ఆయన బొమ్మలూ వచ్చాయి. వందేళ్ళు దాటినా మన కమిటీలు ఇంకా నంబరే వెతుకుతున్నాయి.

పక్క గదిలో కాగితానికి నూనెరంగు పూసి ఉంచాను. ఎక్కువ ఆరితే గీత దిగదు, లేవండి. కమిటీ సభ్యులెవరైనా ఇక్కడుంటే ముందు వాళ్ళు రావాలి. తెల్లచొక్కాలవాళ్ళు చొక్కాచేతులు పైకి మడుచుకోండి.