నైరుతిలో ట్యాంకు ఉన్న డాబా మీద సోలార్ ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలి?

నమస్తే అండి. ఇవాళ హైదరాబాద్ బోడుప్పల్‌లో ఒక ఇంటి డాబా మీద ఉన్నాను. 150 గజాల స్థలం, జీ ప్లస్ వన్, కాలనీ అంతా ఇలాంటి ఇళ్లే, ఎటు చూసినా ఎండే. ఈ ఇంటి అక్కవాళ్లు 3 కిలోవాట్ల సోలార్‌కి కొటేషన్ తీసుకున్నారు. అందులో ప్యానెళ్లన్నీ ఈశాన్యం వైపు గీసి ఇచ్చారు, అక్కడ ఖాళీ ఎక్కువ ఉందని. సబ్సిడీ ఎంత, ఏ కంపెనీ ప్యానెల్ మంచిది అని అందరూ అడుగుతారు గానీ నీడ సంగతి అడిగేవాళ్లు చాలా తక్కువ. పాతికేళ్లు ఉండాల్సిన సామాను కాబట్టి ఈ వీడియోలో ఎక్కువసేపు నీడ గురించే మాట్లాడతాను.

తమ్ముడూ, కెమెరా కొంచెం ఇటు తిప్పు. అదిగో, మెట్ల గది, దాని మీద సింటెక్స్ ట్యాంకు. మన దగ్గర వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా ఉండాలి కాబట్టి చాలా ఇళ్లలో ట్యాంకు అక్కడే ఉంటుంది. డాబా నేల నుంచి ట్యాంకు మూత దాకా ఇక్కడ 15 అడుగులు. ఇప్పుడు మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటింది, ట్యాంకు నీడ దాని కిందే ఉంది, నా నీడ నా కాళ్ల కిందే ఉంది. హైదరాబాద్‌లో మే 9 అటూ ఇటుగా, మళ్లీ ఆగస్టు 3 అటూ ఇటుగా సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఈ రోజుల్లో వచ్చి చూసిన ఎవరికైనా డాబా అంతా ఖాళీగానే కనిపిస్తుంది.

డిసెంబరులో లెక్క వేరు. సూర్యుడు దక్షిణానికి దిగిపోతాడు. డిసెంబరు 21న మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, మధ్యాహ్నం మూడు, మూడుంపావుకి 30 డిగ్రీలకి వచ్చేస్తాడు. 30 డిగ్రీలంటే వస్తువు ఎత్తుకి ఒకటీ ముప్పావు వంతు పొడవు నీడ పడుతుంది. అంటే ఈ 15 అడుగుల ట్యాంకుకి 26 అడుగుల నీడ. ఆ టైముకి సూర్యుడు దాదాపు సరిగ్గా నైరుతిలో ఉంటాడు, కాబట్టి నీడ పోయి పడేది ఈశాన్యంలోనే, కొటేషన్‌లో ప్యానెళ్లు గీసిన చోటే!

ఒక మూల కాస్త నీడ పడితే ఏమవుతుందిలే అనుకోకండి. ప్యానెళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. బోరు పైపు ఒక్క చోట నొక్కుకుపోతే మోటారు ఎంత లాగినా నీళ్లు సన్నగానే వస్తాయి కదా, ఇదీ అంతే. ప్యానెల్ వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లని ఉంటాయి, అవి నీడ పడిన భాగాన్ని పక్కన పెట్టి మిగతా కరెంటు పోనిస్తాయి. వాటి వల్ల నష్టం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మరి ఎక్కడ పెట్టాలి? ఇలా రండి, ఆగ్నేయం వైపు, దక్షిణం పిట్టగోడ వారగా. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా పడమరకి రాడు, నైరుతి వైపే అస్తమిస్తాడు, అందుకని ట్యాంకు నీడ పొద్దున వాయవ్యం, తర్వాత ఉత్తరం, ఈశాన్యం వైపే పోతుంది గానీ ఈ మూలకి రాదు. ఎండాకాలం సాయంత్రాలు కొంచెం వస్తుంది, అప్పటికి ఎండ ఎలాగూ పల్చబడుతుంది. ఇక్కడ చూసుకోవాల్సింది పిట్టగోడ. 3 అడుగుల గోడ నీడ డిసెంబరు మధ్యాహ్నాల్లో మూడు, మూడున్నర అడుగులు లోపలికి వస్తుంది. గోడకి నాలుగడుగులు వదిలి మొదలుపెట్టండి, లేదా ప్యానెళ్ల స్టాండు ముందు కాళ్లనే గోడ కంటే ఎత్తు పెట్టించండి. దక్షిణం పక్కన ఖాళీ ప్లాటు ఉంటే రేపు అక్కడ రెండు అంతస్తులు లేస్తాయని ఇప్పుడే అనుకుని చూసుకోండి.

ఆగ్నేయంలో చోటు చాలకపోతే 8 అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడగండి. అప్పుడు ట్యాంకు ప్యానెళ్ల కంటే 7 అడుగులే ఎత్తు, నీడ 12 అడుగులకి తగ్గుతుంది, కింద బట్టలు ఆరేసుకోవచ్చు. వడియాలకి మాత్రం ఎండ ఉన్న చోటు కాస్త వదిలి ఉంచుకోండి. ఖర్చు పెరుగుతుంది. గాలి కూడా ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి కాళ్లు పిల్లర్లు, బీముల మీదికి వచ్చేలా చూడమనండి.

సుద్దముక్కతో మీరే చూసుకోవచ్చు. పొద్దున తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి నీడ అంచు గీసుకోండి. డిసెంబరు, జనవరిలో గీస్తే అదే అసలు లెక్క. మిగతా నెలల్లో అయితే ఎత్తు కొలిచి, ఇందాక చెప్పిన ఒకటీ ముప్పావు లెక్క వేసుకోండి.

ఇక డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకి కిలోవాటుకి 30,000, మూడో కిలోవాటుకి 18,000, మొత్తం 78,000 రూపాయలు. 3 కిలోవాట్లు దాటి ఎంత పెట్టినా సబ్సిడీ అంతే. ముందు డబ్బు మనమే కట్టుకోవాలి, సిస్టమ్ పనిచేయడం మొదలయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్యానెళ్లు డీసీఆర్ రకం, అంటే సెల్ కూడా ఇండియాలో తయారైనది అయి ఉండాలి, ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి. కరెంటు బిల్లు ఇంకా ప్లాటు అమ్మినాయన పేరు మీదో, బిల్డరు పేరు మీదో ఉంటే ముందు అది మార్పించుకోండి, అప్లికేషన్ అక్కడే ఆగిపోవచ్చు.

కిలోవాటుకి రోజుకి 4 యూనిట్లు సుమారుగా వస్తాయి. 3 కిలోవాట్లకి నెలకి 360. తెలంగాణలో వాడకం పెరిగే కొద్దీ యూనిటు రేటు పెరిగి 300 దాటితే 9 రూపాయలు పడుతుంది, సోలార్ ముందు తగ్గించేది ఆ ఖరీదైన యూనిట్లనే. అందుకే ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని సైజు తేల్చండి, డాబా పెద్దగా ఉందని 5 కిలోవాట్లు పెట్టేయకండి. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలిపోతుంటుంది, వేడికి ఉత్పత్తి తగ్గుతుంది, మార్చి కంటే మేలో తక్కువ వచ్చిందని టెన్షన్ పడకండి.

పని జరిగే రోజు మీరు ఇంట్లో ఉండండి. ఇదిగో, ఇది ప్యానెళ్ల వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్. రెండూ కలిపినప్పుడు క్లిక్‌మని శబ్దం రావాలి, లాగితే ఊడకూడదు. వదులుగా ఉంటే వేడెక్కి కరిగి నిప్పు అంటుకుంటుంది. దీన్ని మాత్రం మీరు ముట్టుకోకండి. ఆరు ప్యానెళ్లు కలిస్తే 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ఎండ ఉన్నంతసేపు దాన్ని ఆపే స్విచ్చు ప్యానెల్‌కి లేదు. ఇనుపకాళ్లకి రంధ్రాలు పెట్టిన చోట జింక్ రంగు పూశారో లేదో చూడండి. స్లాబుకి డ్రిల్లు పెట్టొద్దని, కాంక్రీటు దిమ్మెలు పోయమని చెప్పండి, లేకపోతే వానాకాలం కింద గదిలో చెమ్మ దిగుతుంది. ఎర్తింగ్ గుంతలు మూడు ఉండాలి: డీసీకి, అంటే ప్యానెళ్ల వైపు ఒకటి, ఏసీకి, అంటే ఇంటి కరెంటు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి వేరుగా ఒకటి. రెండింటితో సరిపెడతామంటే ఒప్పుకోకండి.

కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది, పట్టపగలైనా సరే. లైను మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి మన డాబా నుంచి కరెంటు కొట్టకుండా సోలార్ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల డీసీని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, తానే ఆగుతుంది. కోతలప్పుడు కూడా ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ తీసుకోవాలి, దాని ఖర్చు వేరే.

కడగడం తెల్లవారుజామునే, మెత్తటి గుడ్డతో. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్లటి చారలు కడతాయి, వెంటనే వైపర్‌తో లాగేయండి. మండే గాజు మీద చల్లటి నీళ్లు పోయకండి.

లైను నుంచి తీసుకున్నదీ, లైనుకి పంపినదీ రెండూ లెక్కపెట్టే నెట్ మీటర్ పెట్టాక, ఎండ బాగా ఉన్న రోజు పన్నెండింటికి ఇంట్లో ఏసీ, మోటారు ఆపి మీటర్ దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌పోర్ట్ రీడింగ్, అంటే లైనుకి పంపిన యూనిట్లు, ఫొటో తీసుకుని గంటాగి మళ్లీ తీయండి. 3 కిలోవాట్లకి ఆ గంటలో కనీసం రెండు యూనిట్లు పెరగాలి. పెరగకపోతే పెట్టినవాళ్లకి ఆ రెండు ఫొటోలు అప్పుడే పంపించండి.