జీతం ఎక్కువ పడింది: అడగాలా, ఊరుకోవాలా?

సమన్వయకర్త: నమస్కారం. నెలాఖరున ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, జీతం పడిందని. చూస్తే రావలసిన దానికన్నా ఎక్కువ ఉంటుంది. బోనస్సా, ఎరియర్సా, లేక అకౌంట్స్ వాళ్ల పొరపాటా? తెలియదు. అడిగితే తీసేసుకుంటారేమోనని బెంగ, అడగకపోతే రేపేమవుతుందోనని టెన్షన్. ఈ రోజు మన చర్చ దీని గురించే. ఉద్యోగుల కేసులు వాదించే న్యాయవాది మేడమ్, ఇరవయ్యేళ్లుగా పేరోల్, అంటే ఉద్యోగుల జీతాల లెక్కలు, చూస్తున్న మేనేజర్ గారు, జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు స్టూడియోలో ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు లైన్లో ఉన్నాడు. చెప్పు నాన్నా.

కాలర్: నమస్కారం మేడమ్. నేను జూన్ 12న పాత కంపెనీ మానేశాను. రిలీవింగ్ లెటర్ కూడా ఇచ్చేశారు. జూన్ 30న అకౌంట్లో 28,416 రూపాయలు పడ్డాయి. నాకు ఎనిమిది రోజుల సెలవులు మిగిలున్నాయి, ఆ డబ్బులు కూడా కలిపి సెటిల్‌మెంట్ చేశారేమో అనుకున్నాను. రెండు నెలలైంది, ఎవరూ ఫోన్ చేయలేదు. అమ్మ అయితే ఆ డబ్బు ముట్టుకోవద్దంటోంది. రూమ్మేట్ ఏమో వాళ్లు అడిగితే అప్పుడు చూద్దాంలే అంటున్నాడు.

పేరోల్ మేనేజర్: ఒక్క మాట చెప్పు బాబూ. మే నెల జీతం ఎంత పడింది?

కాలర్: అంతే సార్. 28,416.

పేరోల్ మేనేజర్: రూపాయితో సహా అంతేనా?

కాలర్: ...అంతే సార్.

పేరోల్ మేనేజర్: అయితే అది సెటిల్‌మెంట్ కాదు. ఫుల్ అండ్ ఫైనల్, అంటే మానేసేటప్పుడు చేసే తుది లెక్కలో, పన్నెండు రోజుల జీతం ఉంటుంది, సెలవుల డబ్బు ఉంటుంది, నోటీస్ పీరియడ్ తక్కువైతే ఆ కోత ఉంటుంది. ఇవన్నీ కలిపాక పాత జీతంతో రూపాయి తేడా లేకుండా సరిపోవడం నా సర్వీసులో నేను చూడలేదు. మాకు పేరోల్ 20నో 25నో లాక్ అవుతుంది. మానేసినవాళ్ల జాబితా హెచ్‌ఆర్ నుంచి అంతకుముందే రావాలి. ఒక్క రోజు ఆలస్యమైనా సాఫ్ట్‌వేర్ లెక్కలో నువ్వింకా ఉద్యోగివే. జూన్ పే స్లిప్ ఉంటే తెరిచి చూడు. పైన ‘పెయిడ్ డేస్’ అని ఒక గడి ఉంటుంది. అందులో 12 ఉండాలి. 30 ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు.

కాలర్: పోర్టల్ లాగిన్ తీసేశారు సార్. కానీ పే స్లిప్ మెయిల్‌కి వచ్చినట్టుంది. ఒక్క నిమిషం.

సమన్వయకర్త: నిదానంగా చూడు, లైన్లోనే ఉండు. లాయర్ గారూ, ఈలోపు చట్టం ఏమంటుందో చెప్పండి.

న్యాయవాది: 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 72వ సెక్షన్ ఉంది. పొరపాటున ఎవరైనా డబ్బు చెల్లిస్తే, పుచ్చుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేయాలి. తప్పు ఎవరు చేశారన్నది అక్కడ లెక్కలోకి రాదు. ‘వాళ్ల తప్పుకి నేనెందుకు కట్టాలి’ అని నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ అడుగుతారు. మీ జేబులోంచి కట్టమని కాదమ్మా, మీది కానిది ఇవ్వమంటున్నారు అంతే. మూడేళ్లు గడిస్తే వదిలేస్తారన్న నమ్మకం కూడా చాలామందికి ఉంది. అదీ పూర్తిగా నిజం కాదు. పొరపాటు మీద వేసే దావాకి మూడేళ్ల గడువు ఆ పొరపాటు బయటపడిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే బయటపడి ఉండాల్సిన రోజు నుంచి మొదలవుతుంది. డబ్బు పడిన రోజు నుంచి కాదు.

సమన్వయకర్త: పోలీసు కేసు అవుతుందా? జనానికి అసలు భయం అదే.

న్యాయవాది: పొరపాటున పడినంత మాత్రాన కాదు. తనది కాదని తెలిసి, దురుద్దేశంతో వాడుకుంటేనే నేరం మాట వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో దానికి 314వ సెక్షన్ ఉంది. ఈ అబ్బాయిని ఆ పేరు చెప్పి ఎవరైనా బెదిరిస్తే నేను ఒప్పుకోను. కానీ పే స్లిప్ చూశాక, 30 రోజులని తెలిశాక కూడా నోరు మూసుకుని కూర్చుంటే తన నిజాయితీని తనే బలహీనం చేసుకున్నట్టు.

మాస్టారు: నాకు ఇక్కడ ఒక బాధ ఉందమ్మా, చెప్పనివ్వండి. ఈ బాబుకి పే స్లిప్ చూడగానే తెలిసిపోతుంది. మా సంగతి అలా కాదు. మాతో పనిచేసిన ఒక సారుకి ఎప్పుడో పే ఫిక్సేషన్‌లో, అంటే కొత్త జీతం ఖరారు చేసేటప్పుడు, ఒక ఇంక్రిమెంట్ ఎక్కువ వేశారు. వేసింది ఆఫీసు, సర్వీస్ రిజిస్టర్‌లో సంతకం పెట్టింది ఆఫీసు. పదకొండేళ్లు బిల్లులు పాసయ్యాయి. రిటైరయ్యే ముందు పెన్షన్ కాగితాలు వెళ్తే అప్పుడు అభ్యంతరం వచ్చింది. గ్రాట్యుటీలోంచి రికవరీ అన్నారు. ఆ డబ్బు పిల్లల చదువుల్లో, ఇంటి ఈఎంఐలో ఎప్పుడో కరిగిపోయింది. ఆయన దాచుకున్నదేం లేదు. ఆ ఆర్డరు కాపీ చేత్తో పట్టుకుని మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు, కాఫీ ఇస్తే తాగలేదు. ఆయన్నీ, తెలిసి దాచుకున్నవాడినీ ఒకే గాటన కడితే ఎలా?

న్యాయవాది: కట్టలేదు మాస్టారూ. 2014 డిసెంబరు 18న రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు ఈ బాధనే పట్టించుకుంది. మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ల నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల నుంచి రికవరీ కూడదంది. అయిదేళ్లకు మించి ఎక్కువ చెల్లిస్తూ వచ్చినా కూడదంది. మీ స్నేహితుడిది రెండు విధాలా అందులోకే వస్తుంది. 2022లో థామస్ డేనియల్ కేసులో కేరళ ఉపాధ్యాయుడికీ ఊరట దొరికింది. ఆయన అబద్ధమాడి, మోసం చేసి తీసుకున్నది కాదు కాబట్టి. అయితే ఇది ఉద్యోగి హక్కు కాదు, కష్టం చూసి ఇచ్చే ఊరట అని కూడా కోర్టు చెప్పింది.

మాస్టారు: మరి కొందరికి కోర్టుకి వెళ్లినా రాలేదే?

న్యాయవాది: దానికి కారణం చాలాసార్లు ఒక సంతకం. కొత్త స్కేలు తీసుకునేటప్పుడు ‘ఎక్కువ చెల్లించినట్టు తేలితే తిరిగి కడతాను’ అని హామీ పత్రం ఇస్తారు. చదవకుండానే సంతకం పెట్టేస్తాం. 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో ఆ హామీ పత్రం చూసే సుప్రీంకోర్టు రికవరీకి ఒప్పుకుంది, అయితే రెండేళ్లలో వాయిదాల మీద తీసుకోమంది. ఆయన ఒక న్యాయాధికారి కూడా.

సమన్వయకర్త: ‘రికవరీ’ అన్న మాట వింటే మన ఉద్యోగులకు 2022 గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యంతర భృతి, అదే ఐఆర్, 27 శాతం ఇచ్చి, పీఆర్‌సీ ఫిట్‌మెంట్, అంటే వేతన సవరణలో పెంపు, 23 శాతం అన్నారు. ఫిబ్రవరి 3న వేలమంది చలో విజయవాడకు కదిలారు. ఆ తర్వాతి చర్చల్లో ఐఆర్ రికవరీ ఉండదని ప్రభుత్వం చెప్పాక కొంత ఊపిరి పీల్చుకున్నారు. అది పొరపాటు చెల్లింపు కాదు, వేరే సంగతి. కానీ ఒకసారి చేతికొచ్చి ఇంట్లో కలిసిపోయిన డబ్బు వెనక్కి ఇమ్మంటే కుటుంబం ఎలా అల్లాడుతుందో అప్పుడు అందరం చూశాం. మేనేజర్ గారూ, కంపెనీల మాటేమిటి?

పేరోల్ మేనేజర్: రఫీక్ మసీహ్ కేసు ప్రభుత్వ ఉద్యోగులది. ప్రైవేటులో అంత రక్షణ ఆశించలేం. కానీ నేను ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. ఇలాంటి పొరపాటు జరిగితే చిన్న సంస్థల్లో ఆ ఎంట్రీ చేసిన క్లర్కు మీద పడుతుంది. పద్దెనిమిది వేల జీతగాడు. పదిహేడు వేలు తేడా వచ్చిందంటే వాడికి నిద్ర ఉండదు. ‘కంపెనీ డబ్బే కదా’ అనుకునేవాళ్లు ఆ అబ్బాయిని ఒక్కసారి తలుచుకోవాలి.

మాస్టారు: అలా క్లర్కు మీద వేయడం కూడా తప్పేగా సార్.

పేరోల్ మేనేజర్: తప్పే. జరుగుతోంది కాబట్టి చెప్పాను. ఇంకొకటి, తిరిగి ఇచ్చేటప్పుడు లెక్క జాగ్రత్త. కొన్ని కంపెనీలు గ్రాస్, అంటే కోతలకి ముందున్న మొత్తం అడుగుతాయి. మీ చేతికొచ్చింది నెట్, అంటే కోతలు పోను మిగిలింది. మధ్యలో పీఎఫ్, టీడీఎస్ కోత ఉంటుంది. మీ చేతికి రాని డబ్బు మీరెందుకు కడతారు? లెక్క కాగితం మీద ఇమ్మనండి. అదే ఆర్థిక సంవత్సరంలో, అంటే మార్చిలోపు తేలిపోతే కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్ సరిగ్గా వస్తుంది. లేకపోతే మీకు రాని ఆదాయం పన్ను లెక్కలో మీ పేర కనిపిస్తూ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, కట్టేది కంపెనీ బ్యాంకు ఖాతాకే. ‘నా నంబరుకి ఫోన్‌పే చెయ్యండి, నేను చూసుకుంటా’ అంటే చేయొద్దు. పొరపాటున పంపాం, తిరిగి పంపండి అని ఫోన్లు చేసి దోచుకునే ముఠాలు ఉన్నాయి. ముందు మీ స్టేట్‌మెంట్‌లో ఆ డబ్బు నిజంగా పడిందో లేదో చూసుకోవాలి.

న్యాయవాది: ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఒక మాట కలుపుతాను. ఎక్కువ చెల్లించిన జీతాన్ని తర్వాతి జీతంలోంచి కోసుకునే వీలు 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలోనూ ఉండేది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. కానీ కోతలన్నీ కలిపి మామూలుగా సగం జీతం దాటకూడదు. ఒకే నెలలో జీతం మొత్తం ఊడ్చేస్తామంటే ఊరుకోవద్దు.

కాలర్: మేడమ్... పే స్లిప్ దొరికింది. పెయిడ్ డేస్ 30 అని ఉంది.

సమన్వయకర్త: అయితే తేలిపోయింది నాన్నా.

కాలర్: తేలింది మేడమ్. కానీ రూమ్ మారినప్పుడు అందులోంచే అడ్వాన్స్ కట్టాను. ఇప్పుడు ఎనిమిది వేలే ఉన్నాయి. అందుకే మెయిల్ రాయడానికి భయమేసింది.

పేరోల్ మేనేజర్: ఆ మాటే మెయిల్‌లో రాయి. జూన్ 12న రిలీవ్ అయ్యాను, 30 రోజుల జీతం పడింది, నా లెక్క ప్రకారం పన్నెండు రోజులకి 11,366 రావాలి, సుమారు 17 వేలు ఎక్కువ వచ్చింది. మిగిలిన ఎనిమిది రోజుల సెలవుల డబ్బు అందులో తగ్గించి, తుది లెక్క పంపండి. ఎనిమిది వేలు వెంటనే కడతాను, మిగతాది నెలనెలా మూడు వాయిదాల్లో కడతాను. ఇంతే. హెచ్‌ఆర్‌కీ, అకౌంట్స్‌కీ ఇద్దరికీ పెట్టు.

న్యాయవాది: పే స్లిప్ జతచెయ్యి. పంపిన మెయిల్ ఒక కాపీ నీ సొంత మెయిల్‌లో ఉంచుకో. డబ్బు కట్టాక ‘బకాయి లేదు’ అని రాతపూర్వకంగా తీసుకో. ఫోన్లో సరేనన్నారని వదిలేయకు.

కాలర్: మూడు వాయిదాలకి ఒప్పుకుంటారంటారా సార్?

పేరోల్ మేనేజర్: వాళ్లు కనిపెట్టకముందే నువ్వే రాశావు కదా. నా టేబుల్ మీదికి అలాంటి మెయిల్ వస్తే నేనైతే ఆ రోజే ఒప్పుకుంటాను.

కాలర్: ఈ రాత్రికే పంపుతాను సార్. ముందు అమ్మకి ఫోన్ చేస్తాను.