మంట మేలుకు గుర్తు కాదు

సభకు నమస్కారం.

గుంటూరులో చర్మం మంట గురించి మాట్లాడడానికి పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. మిర్చి యార్డులో టిక్కీలు మోసేవారికీ, కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని కాయల తొడిమలు తీసే ఆడవారికీ, వేసవిలో ఆవకాయ కలిపే మీ అందరికీ అది ఎలా ఉంటుందో తెలుసు. మిరపకాయలోని క్యాప్సైసిన్ చర్మంలో నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించేదీ అదే గ్రాహకం కాబట్టి, కారం తగిలిన చోట కాలినట్టే అనిపిస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ గ్రాహకాన్ని గుర్తించింది. 2021లో ఆయన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. సున్నిత చర్మంలో తలెత్తే మంటలోనూ ఈ గ్రాహకానికి పాత్ర ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. చాలామందికి ఏమీ చేయని సబ్బు, క్రీము, చెమట, వేడిగాలి కొందరికి మాత్రం చురుకు, దురద, బిగుతు కలిగిస్తాయి. పైకి ఒక్కోసారి ఎరుపు కూడా కనిపించదు. కనిపించనంత మాత్రాన అది వారి ఊహ కాదని ఇంట్లోవారు ముందుగా గ్రహించాలి.

చర్మవైద్యురాలిగా నేను తరచు వినే మాట ఒకటుంది. "రాయగానే చురుక్కుమంటోందండీ, అంటే లోపల పని చేస్తున్నట్టే కదా?" అని ఎంతో ఆశగా అడుగుతారు. కాదమ్మా. ముఖానికి రాసిన క్రీము మంట పుట్టిస్తోందంటే, చాలాసార్లు అది చేరకూడని చోటికి చేరుతోందని అర్థం. ఈరోజు నేను చెప్పదలచినది ఈ ఒక్క విషయం గురించే.

మన చర్మపు పైపొర చాలా పలుచన. ముఖం మీద చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఆ కొద్దిపాటి మందంలోనే చదునైన మృతకణాలు వరుసలు వరుసలుగా పేరుకుని ఉంటాయి. వాటి మధ్య సిరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు నిండి, లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి పదార్థాలు లోపలికి చొరబడకుండా కాపాడతాయి. ఈ పొర స్వభావం కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటుంది. పీహెచ్ అంటే ఆమ్లత, క్షారతల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆ ఆమ్లత ఉంటేనే అక్కడి కొవ్వులు సక్రమంగా తయారవుతాయి. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. రోజుకు నాలుగైదుసార్లు ముఖం సబ్బుతో రుద్దుకునేవారి చర్మానికి, ఒకసారి పోయిన ఆమ్లత తిరిగి వచ్చేలోపే మళ్లీ దెబ్బ తగులుతుంది.

సబ్బు పొట్లం మీద టీఎఫ్ఎం అని ఒక అంకె ఉంటుంది. సబ్బులోని కొవ్వు పదార్థం ఎంతో చెప్పే ఈ అంకె, మన దేశ ప్రమాణాల ప్రకారం మొదటి గ్రేడు టాయిలెట్ సబ్బుకు కనీసం 76 శాతం, రెండో గ్రేడుకు 70, మూడో గ్రేడుకు 60 ఉండాలి. అంకె పెద్దదైతే సబ్బులో కల్తీ పొడులు తక్కువనుకుని నిశ్చింతగా ఉండేవారిని చూశాను. నాణ్యత విషయంలో అది కొంత నిజమే, కానీ మొదటి గ్రేడు సబ్బు కూడా క్షారమే. దానికితోడు మన ప్రాంతంలో చాలా ఇళ్లలో స్నానానికి వాడేది బోరు నీరు. ఆ ఉప్పునీటిలో సబ్బు నురగ రాదు. నీటిలోని కాల్షియంతో కలిసి తెల్లటి జిగురుగా మారి, బకెట్టుకు పట్టినట్టే ఒంటికీ పడుతుంది. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం, అది ఇంకాస్త మిగిలిపోతుంది. అందుకే సున్నిత చర్మం ఉన్నవారికి సిండెట్ బార్‌లు (సబ్బుకు బదులు కృత్రిమ శుభ్రపరిచే పదార్థాలతో చేసిన బిళ్లలు), లేదా నురగ తక్కువగా వచ్చే క్లెన్సర్లు మంచివి. వాటి పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉండేలా తయారుచేయవచ్చు, ఉప్పునీటిలోనూ అవి జిగురు కట్టవు. ముఖానికి రోజుకు రెండుసార్లు చాలు.

ఇక కొనేటప్పుడు డబ్బా ముందు వైపు కాక వెనుక వైపు చూడమని నా మనవి. ముందు వైపున ఉండే "జెంటిల్", "నేచురల్", "డెర్మటాలజికల్లీ టెస్టెడ్" వంటి మాటలు మీ చర్మానికి పడుతుందని ఇచ్చే హామీ కావు. వెనుక వైపున ఉండే పదార్థాల జాబితా మాత్రం చట్టం కోరిన సమాచారం. ఒక శాతం కన్నా ఎక్కువ ఉన్న పదార్థాలను పరిమాణం తగ్గే క్రమంలో రాయాలి. ఆ తరువాతివి ఏ వరుసలోనైనా ఉండవచ్చు. అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి కనుక, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. కడుక్కునేవాటిలో సోడియం లారిల్ సల్ఫేట్ మొదటి రెండు మూడు పేర్లలోనే కనిపిస్తే అక్కడే పెట్టేయండి. చర్మాన్ని కావాలని రేపి పరీక్షించవలసి వచ్చినప్పుడు పరిశోధకులు వాడేది ఈ పదార్థాన్నే. తరువాత పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్ అన్న మాటల కోసం వెతకండి. ఆ ఒక్క మాట వెనుక ఎన్నో సువాసన రసాయనాలు ఉండవచ్చు, వాటి పేర్లు మీకు తెలిసే అవకాశం తక్కువ. "అన్‌సెంటెడ్" అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ముడి పదార్థాల వాసనను కప్పడానికి అందులోనూ సువాసన ద్రవ్యం కలిపి ఉండవచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నదాన్నే తీసుకోండి. మరొకటి మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వ రసాయనం. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ఎంపిక చేసింది. కడిగేయకుండా ఒంటిమీద వదిలేసే సౌందర్య సాధనాల్లో యూరోపియన్ యూనియన్ 2017 నుంచి దీన్ని నిషేధించింది.

జాబితా ఎంత చిన్నదైతే అంత మేలు. పదిహేను మూలికల సారాలు ఉన్న క్రీము కన్నా, గ్లిజరిన్, పెట్రోలాటం (వాసలిన్‌లో ఉండేది), సిరమైడ్లు ఉన్న సాదా క్రీమునే నేను ఎంచుకుంటాను.

చెట్టు నుంచి వచ్చిందల్లా చర్మానికి మెత్తనిదనుకోవడం కూడా సరికాదు. మిరపకాయా చెట్టు నుంచి వచ్చిందే. నిమ్మరసం పీహెచ్ రెండు చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని ముఖానికి పట్టించి ఎండలోకి వెళితే బొబ్బలు, ఆపైన నల్లమచ్చలు రావచ్చు. నలుగు పెట్టుకోవడం మన పండగల్లో భాగం, దాన్ని మానమని నేను అనను. అయితే ముఖం మీద మంట, ఎరుపు ఉన్న రోజుల్లో గరుకు సున్నిపిండితో రుద్దడం మాత్రం వద్దు.

బొట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నుదుట కనుబొమల మధ్య, స్టిక్కరు అంత పరిమాణంలో, అంచు గీసినట్టు గుండ్రంగా తెల్లమచ్చతో వచ్చే స్త్రీలు ఉంటారు. ఆ మచ్చ కనిపించకుండా మరింత పెద్ద స్టిక్కరు పెట్టుకుని వస్తారు. స్టిక్కరు జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ వంటి రసాయనాలు రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం దీనికి కారణం. దురద మొదలైన రోజే స్టిక్కరు మానేస్తే నష్టం చాలావరకు ఆగుతుంది.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది మరొకటి ఉంది. పెళ్లి కుదిరిన అమ్మాయికి తెల్లబడాలని ఎవరో చెప్పిన ట్యూబు తెచ్చి ఇస్తారు. అందులో బీటామెథజోన్, క్లోబెటసాల్, మొమెటజోన్ వంటి స్టిరాయిడ్ ఉంటుంది. మొదటి వారాల్లో మంట తగ్గి, రంగు తేలి, ముఖం నునుపెక్కుతుంది కనుక అంతకన్నా మంచి క్రీము లేదనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడుతుంది, ఎర్రని రక్తనాళాలు తేలుతాయి, మొటిమలు పొక్కుతాయి. మానేసిన నాలుగు రోజులకే ముఖం భగ్గుమంటుంది కాబట్టి మళ్లీ అదే రాస్తారు. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అయినా చీటీ లేకుండానే అవి చేతికి అందుతున్నాయి. దయచేసి ట్యూబు మీద "జోన్", "సాల్" వంటి తోకలతో ముగిసే పేరు కనిపిస్తే వైద్యుడిని అడగకుండా ముఖానికి రాయకండి. ఇప్పటికే వాడుతున్నవారు ఉన్నపళంగా మానేయకుండా, వైద్యుడి పర్యవేక్షణలో బయటపడాలి. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని తెల్లబరిచే క్రీముల జోలికి అసలే వెళ్లవద్దు. వాటిలో మూత్రపిండాలను పాడుచేసే పాదరసం ఉండే ప్రమాదం ఉంది. అందుకే మన 2020 కాస్మెటిక్స్ నిబంధనలు ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కలపడాన్ని నిషేధించాయి.

కొత్తది ఏది కొన్నా నేరుగా ముఖానికి రాయకండి. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాసి చూడండి. కడుక్కునే రకమైతే మామూలుగా ఎంతసేపు ఉంచుతారో అంతసేపే ఉంచి కడగండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. మాయిశ్చరైజరు స్నానం చేసిన వెంటనే, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే రాయాలి. మన ఊళ్ల మే నెల ఉక్కపోతలో మందపాటి క్రీముల వల్ల చెమటకాయలు లేస్తాయి కనుక, పగలు పలుచని లోషన్ వాడుకుని, చిక్కనిది చలికాలానికి ఉంచుకోండి. సన్‌స్క్రీన్ చెమటతో కళ్లలోకి జారి మంట పుట్టిస్తుందనేవారికి జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్పీఎఫ్ 30 రకం నయం. అది తెల్లగా తేలుతుందన్న ఫిర్యాదు నిజమే, కానీ మంటకన్నా ఆ తెలుపు భరించదగినది.

మిర్చి పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. పని ముగిశాక చేతులకు ముందు వంటనూనె రుద్ది, ఆపైన సబ్బుతో కడిగి, ఆరేలోపు కాస్త వాసలిన్ రాసుకోండి. అప్పటిదాకా ముఖం తాకవద్దు.

ఇంత జాగ్రత్త పడినా కొన్ని వారాలపాటు మంట, పొట్టు తగ్గకపోతే ప్యాచ్ టెస్ట్ చేయించుకోవచ్చు. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అతికించి, 48 గంటలకు ఒకసారి, 96 గంటలకు ఒకసారి చూస్తారు. వచ్చేటప్పుడు వాడుతున్న సబ్బు, క్రీము, తలరంగు, బొట్టు స్టిక్కర్లు, కొబ్బరినూనె అన్నీ పెట్టెలతో సహా తీసుకురండి. పేరు మరిచిపోయినా పెట్టె ఉంటే చాలు. ఇప్పుడు మీ సంచుల్లో ఏమైనా ఉంటే ముందు వరుసలోకి తీసుకురండి, వెనుక ఉన్న జాబితా కలిసి చదువుదాం.