ఇంటికొచ్చిన తేనెటీగలు: విడిదా, కాపురమా?

[కెమెరా ముందు ప్రెజెంటర్, చేతిలో ఫోన్]

వారానికి రెండు మూడు ఫొటోలైనా వస్తాయి నాకు. బాల్కనీ గ్రిల్‌కో, పెరట్లో కొమ్మకో నల్లగా ముద్దలా వేలాడుతున్న తేనెటీగలు. ఫొటో కింద ఒకటే ప్రశ్న: "వీటికి ఏ మందు కొట్టాలండీ?"

ఆ ప్రశ్న చూడగానే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కోపం కాదు. పక్కింటాయన, వాచ్‌మన్, ఫ్యామిలీ గ్రూపులో పెద్దలు, అందరూ కలిసి నేర్పిన ప్రశ్న అది. ఈగలు కనిపించాయా, మందు కొట్టు. లేదంటే పొగ పెట్టు. అదీ కాకపోతే కాగడా వెలిగించు. అసలు అక్కడున్నదేంటో ఒక్క నిమిషం నిలబడి చూసేవాళ్లు లేరు.

మందు సంగతి తర్వాత. అవి విడిది చేశాయా, కాపురం పెట్టాయా, ముందు అది తేల్చుకోండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

[స్క్రీన్ మీద రెండు ఫొటోలు పక్కపక్కన]

ఎడమవైపు ఫొటో చూడండి. కొమ్మకు ముద్దలా ఈగలు. ఒక్క మైనం ముక్క లేదు. ఇది విడిది. ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేసి, సంచులు పట్టుకుని, పిల్లలూ పెద్దలూ చెట్టు కింద కూర్చున్నారనుకోండి. ఇద్దరు ముగ్గురు అద్దె ఇల్లు వెతకడానికి వెళ్లారు. వాళ్లు వచ్చి "ఇల్లు దొరికింది, పదండి" అనేదాకా మిగతావాళ్లు కదలరు. ఆ ముద్ద అచ్చంగా అదే.

పాత పట్టులో జనం ఎక్కువైతే తల్లి రాణి కూతురికి ఇల్లు వదిలేసి, బలగంలో పెద్ద భాగాన్ని వెంటేసుకుని బయటికి వచ్చేస్తుంది. కట్టుబట్టలతో వచ్చేస్తుందనుకునేరు. బయల్దేరే ముందు కూలి ఈగలన్నీ కడుపునిండా తేనె పట్టిస్తాయి. కడుపు నిండింది, కాపాడుకోవడానికి ఇల్లు లేదు, గుడ్లు లేవు, పిల్లలు లేరు. ఇంక ఎవరి మీద పడి ఏం చేస్తాయి? అందుకే చూడ్డానికి భయంగా ఉన్నా, విడిది గుంపు మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. అలాగని కర్రతో పొడిచి చూడకండి. సంచులు పట్టుకుని కూర్చున్నవాళ్లను పొడిచినా లేచి కొడతారు.

మా బాల్కనీలోనే జరిగిందొకటి. బట్టలు ఆరేసే తీగ మీద, సరిగ్గా తువ్వాలు దగ్గర దిగాయి. మా ఇంట్లో చీపురుకు గుడ్డ చుట్టడం అప్పటికే మొదలైపోయింది. నేను తలుపు గడియ పెట్టి, ఆ చీపురు లాక్కుని, లోపల లైటు ఆపేశాను. రోజంతా అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాం. పైపొరలో ఈగలు ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని గొలుసుల్లా వేలాడుతున్నాయి. మధ్యలో ఒకటి రెండు అటూ ఇటూ పరుగెడుతూ, ఒళ్లు ఊపుతూ తిరుగుతున్నాయి. మర్నాడు పొద్దెక్కాక రొద పెరిగింది. ముద్ద వదులైంది. నిమిషాల్లో మొత్తం గాల్లోకి లేచి వెళ్లిపోయింది. తీగ మీద తువ్వాలు మాత్రం మిగిలింది. మేం చేసిన ఘనకార్యమల్లా తలుపు వేసుకోవడమే.

ఆ ఒళ్లు ఊపే ఈగల గురించి చెప్పకుండా ఉండలేను, ఒక్క నిమిషం. 1949లో జర్మనీలోని మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి గుంపునే చూస్తూ నిలబడ్డాడు. తేనె దొరికే చోటు చెప్పడానికి ఈగలు నాట్యం చేస్తాయని ఆయన గురువు కార్ల్ వాన్ ఫ్రిష్ అప్పటికే కనిపెట్టారు. ఆయనకు 1973లో నోబెల్ కూడా వచ్చింది. కానీ లిండావర్ చూసిన ఈగల ఒంటి మీద పుప్పొడి లేదు. ఒకదానికి మసి, ఒకదానికి ఇటుక పొడి. యుద్ధంలో కూలిన ఊరది. పువ్వుల మీద వాలితే మసెలా అంటుతుంది? అవి పొగగొట్టాల్లో, గోడల సందుల్లో దూరి ఇళ్లు చూసుకుని వస్తున్నాయి! మన అద్దె ఇళ్ల బ్యాచ్ ఇదే. ఒక్కో ఈగ వచ్చి తను చూసిన ఇంటి గురించి నాట్యంతో ప్రచారం చేస్తుంది, మిగతావి వెళ్లి చూసొస్తాయి. చివరికి ఏదో ఒక ఇంటి వైపు బలం పెరిగాక గుంపంతా లేస్తుంది. అందుకే విడిది కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. కాలం మారగానే చోటు మార్చే పెద్ద తేనెటీగలని ఇంకో రకం ఉంది, వాటి సంగతి కాసేపట్లో చెప్తాను. అవి ప్రయాణం మధ్యలో దిగితే ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు.

సరే, కుడివైపు ఫొటో. కాపురం. మైనం అరలు కట్టారు, ఉయ్యాలలో పిల్లలున్నారు, బీరువాలో సొమ్ముంది. ఇప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా ఊరుకోరు. అదే ఈగ, అదే ముల్లు. మారిందల్లా కాపాడుకోవాల్సిన ఆస్తి.

తేడా ఎలా తెలుస్తుందంటే, పొద్దున లేనిది మధ్యాహ్నానికి ఊడిపడితే చాలావరకు విడిది. రోజుల తరబడి ఒకే చోట రాకపోకలు సాగుతూ, వచ్చే ఈగల వెనక కాళ్లకు పసుపు రంగు పుప్పొడి ముద్దలు కనిపిస్తుంటే కాపురం. పుప్పొడి పిల్లల తిండి. పిల్లలు లేని ఇంటికి అంత సరుకు ఎవరూ మోయరు కదా.

కాపురాల్లోనూ తేడాలున్నాయి. పొదలో పుల్లకు అరచేయంత పట్టు ఒక్కటే ఉంటే అది చిన్న తేనెటీగ. మీరు దాని జోలికి వెళ్లనంతవరకు అది మీ జోలికి రాదు, వదిలేయండి. మీటర్ బాక్సులోనో, గోడ తొర్రలోనో వరసగా పట్టులు పెట్టేది ఇంకోటి. మూడోది పెద్ద తేనెటీగ. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లో ఎత్తైన చెట్లకు, వాటర్ ట్యాంకుల కింద, సజ్జల కింద ఒకే ఒక్క పట్టు, మీటరు వెడల్పు దాకా, బాహాటంగా కడుతుంది. దాన్ని ఈగలే పొరలు పొరలుగా దుప్పటిలా కప్పేస్తాయి, మైనం మీకు కనపడదు. "మైనం లేదు కాబట్టి విడిదే" అని దగ్గరికి వెళ్లకండి. ఆ దుప్పటి మీద అప్పుడప్పుడు నీళ్లలో రాయి పడ్డట్టు అల పాకుతుంది. కందిరీగల్లాంటి శత్రువులను బెదరగొట్టే పద్ధతి అది. అల కనిపించిందంటే అవి అప్రమత్తంగా ఉన్నాయని అర్థం. వీడియో తియ్యకుండా మెల్లగా వెనక్కి రండి.

ఇప్పుడు మందు దగ్గరికి వద్దాం. తెలిసినవాళ్ల ఇంట్లో గోడ కన్నంలో కాపురం పెట్టాయి. స్ప్రే కొట్టారు, కన్నానికి సిమెంటు పూశారు, "పని అయిపోయింది" అన్నారు. కొన్ని వారాలకు పడగ్గది గోడ మీద గోధుమరంగు మరక. వేలు పెట్టి చూస్తే జిగురు. దాని వెంట చీమల బారు. తర్వాత వాసన.

ఏం జరిగిందో చూడండి. పట్టు లోపల పిల్లలుండే చోట ఈగలు దాదాపు 35 డిగ్రీల వేడి నిలబెడతాయి. ఎండ ముదిరితే నీళ్లు తెచ్చి చల్లి, రెక్కలతో విసురుతాయి. వాళ్లను చంపేశారు. అంటే కాపురం చేసేవాళ్లు పోయారు, సామాను మొత్తం లోపలే ఉంది, ఫ్రిజ్ కరెంటు పీకేశారు. మైనం మెత్తబడింది, తేనె కారింది, చచ్చిన పిల్లలు కుళ్లాయి. పైగా అది మందు కలిసిన తేనె. వేరే పట్టుల ఈగలు దోచుకుపోతే వాటికీ విషమే. ఇక ఈగలు బతికుండగానే కన్నం మూసేస్తే ఇంకా గొప్ప. బయటికి దారి లేక స్విచ్‌బోర్డు సందులోంచి మీ హాల్లోకి వస్తాయి.

పొగ గురించి కూడా. "పొగ పెడితే మత్తెక్కి పడిపోతాయి" అంటారు, అది అబద్ధం. ఈగ కుట్టినప్పుడు ఒక వాసన వదులుతుంది, ఇంచుమించు అరటిపండు వాసన. "శత్రువు ఇక్కడున్నాడు, రండి" అని పిలుపు అది. చల్లటి పొగ కొంచెం తగిలితే ఆ పిలుపు మిగతావాటికి సరిగా అందదు. పైగా ఇల్లు వదలాల్సి వస్తుందేమోనని తేనె తాగే పనిలో పడతాయి. తెలిసినవాడి చేతిలో అది పనిముట్టు. మీరు గోనెసంచి తగలబెట్టి సజ్జ కింద పెడితే అది ఇంటికి నిప్పు పెట్టడమే. వేల ఈగలు ఒకేసారి దిగుతాయి, అదీ మీ మీదికే కాదు, వీధిలో పోయేవాళ్ల మీదికి కూడా. పెట్రోలు, కాగడా గురించి నేను మాట్లాడను. ఈగలకన్నా ముందు ఇల్లు తగలబడుతుంది.

మరి కాపురం ఉంటే? పిల్లల్ని అటు పోనివ్వకండి. కుక్కనీ, పశువులనీ ఆ దగ్గర కట్టేయకండి, దాడి జరిగితే కట్టుతాడు వాటిని పారిపోనివ్వదు. డ్రిల్లింగ్, గడ్డి కోసే మిషన్ ఆపండి. రాత్రి దాని పక్కన లైటు వద్దు. ఎత్తులో ఉండి ఎవరికీ అడ్డం లేకపోతే సీజన్ అయ్యేదాకా వదిలేయొచ్చు, పెద్ద తేనెటీగలు కాలం మారగానే వాటంతట అవే వెళ్లిపోతాయి. తప్పదంటే తేనెటీగలు పెంచేవాళ్లనో, ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లనో పిలవండి. వచ్చినాయన్ని రెండే అడగండి: ఈగల్ని బతికించి తీస్తారా, పట్టు మొత్తం గీకి తీస్తారా? "స్ప్రే కొట్టి వెళ్లిపోతాం" అంటే దండం పెట్టి పంపేయండి.

[టైమర్ మోగుతుంది]

అయ్యో, టైమ్ అయిపోయింది. మిగతావి గబగబా చెప్పేస్తాను.

వెంటపడితే చేతులు ఊపకండి, పరుగెత్తండి. చొక్కా ఎత్తి ముఖం, ముక్కు కప్పుకుని, దారి కనిపించేలా చూసుకుని, తలుపున్న చోటికి, ఇల్లో కారో. రెండు ఈగలు మీతో లోపలికొచ్చినా పర్లేదు. నీళ్లలోకి మాత్రం దూకొద్దు, తల పైకెత్తేదాకా పైనే తిరుగుతుంటాయి.

ముల్లు దిగితే వెంటనే తీసేయండి. గోటితో గీకినా, పట్టి పీకినా తేడా లేదు, ఆలస్యమైతేనే తేడా. ఈగ పోయినా ముల్లుతో పాటు ఊడిన విషం సంచి కాసేపు పనిచేస్తూనే ఉంటుంది. తర్వాత సబ్బుతో కడగండి, ఐసు పెట్టండి. కుట్టిన చోట వాపు మామూలే. కుట్టని చోట దద్దుర్లు, పెదాలు, నాలుక వాపు, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, వాంతులు, వీటిలో ఏది కనిపించినా అంబులెన్స్. ఎలర్జీ ఉన్నవాళ్లకు ఒక్క కాటు చాలు ప్రాణం మీదికి రావడానికి. పదుల సంఖ్యలో కుడితే ఎలర్జీ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, చిన్నపిల్లలైతే అంతకన్నా తక్కువకే.

పట్టు తీశాక మైనం గీకి, కడిగి, తొర్ర పూర్తిగా నింపి అప్పుడు మూయండి. ఆ మైనం వాసన తర్వాతి గుంపుకు టు-లెట్ బోర్డు. ఇళ్లు వెతికే ఈగలు నేరుగా అక్కడికే వస్తాయి.

చివరగా, తలుపు చెక్కకు గుండ్రంగా కన్నం పెట్టే నల్ల తుమ్మెద గురించి చాలామంది అడిగారు. దానికి పట్టు లేదు, బలగం లేదు. పట్టుకుని నలిపితే తప్ప ఆడది కుట్టదు. మీ ముఖం ముందు గాల్లో నిలబడి బెదిరించేది మాత్రం సాధారణంగా మగది. దానికి అసలు ముల్లే లేదు.