ఇజ్నిక్ తులిప్ ప్లేట్ ఇంట్లోనే వేద్దాం రండి

హాయ్ అండీ, ఇవాళ టర్కీని ఏలిన ఒట్టోమన్ సుల్తానుల నాటి ఇజ్నిక్ ప్లేట్ల మీద కనిపించే తులిప్ వేద్దాం. ఇజ్నిక్ అంటే టర్కీలో బుర్సా జిల్లాలో సరస్సు పక్కన ఉన్న ఊరు. చాలామంది ఈ ప్లేట్లని పింగాణీ అనేస్తారు గానీ కాదండీ, ఎక్కువ భాగం క్వార్ట్జ్ పొడి, దాంట్లో కొంచెం గాజుపొడి, కొంచెం తెల్లమట్టి కలిపి చేసేవాళ్ళు, పైన తెల్లటి పూత వేసి దాని మీద బొమ్మ గీసి ఆఖర్న గ్లేజ్‌లో, అంటే గాజులా మెరిసే పూతలో ముంచి కాల్చేవాళ్ళు. మనకి బట్టీ లేదు కాబట్టి తెల్ల ప్లేటు, యాక్రిలిక్ రంగులు చాలు, ఇది గోడకి తగిలించడానికే, దీంట్లో టిఫిన్ పెట్టేయకండి.

ముందు బటర్ పేపర్ మీద డిజైన్ గీసి గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, ప్లేటు మీద పెట్టి బొగ్గుపొడి మూటతో అద్దండి. మగ్గం వర్క్ వాళ్ళు బ్లౌజు మీద ట్రేసింగ్ వేస్తారు చూడండి, సేమ్ అదే పద్ధతి, అప్పటి పనివాళ్ళు కూడా ఇలాగే చేసేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. కాడలన్నీ కింద ఒకే ఆకుల గుత్తిలోంచి లేవాలి, కానీ పువ్వుని సరిగ్గా మధ్యలో నిలబెట్టారో అయిపోయింది, స్కూల్ డ్రాయింగ్‌లా ఉంటుంది. ఒక కాడ గాలికి వంగాలి, ఇంకోటి సగంలో విరిగి వేలాడాలి, ఒక పొడుగాటి రంపపు ఆకు వాటి మీంచి వొంపు తిరగాలి. ఆ ఆకుని సాజ్ అంటారు, ఇరాన్‌లోని తబ్రీజ్ నుంచి వచ్చిన షా కులూ అనే చిత్రకారుడు ఒట్టోమన్ ఆస్థానంలోకి తెచ్చిన స్టైల్ అది. తర్వాత కారా మెమీ అనే ఇంకో ఆస్థాన చిత్రకారుడు వచ్చాక తులిప్, గులాబీ, కార్నేషన్, హయసింత్ లాంటి తోట పూలు నిండిపోయాయి.

అవుట్‌లైన్ నల్లగా, సన్నగా, ఊపిరి బిగబట్టి ఒకే లాగుడు. నీలం, టర్కోయిస్ పల్చగా నింపండి. ఎరుపు మాత్రం వేరే లెక్క, అది ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి, 1550ల్లో వచ్చింది, చిక్కగా వేయాల్సిందే, అందుకే ఇస్తాంబుల్‌లో రుస్తెం పాషా మసీదు టైల్స్ మీద ఎరుపు ఉబ్బెత్తుగా ఉంటుంది. మనమూ బ్రష్ నిండా తీసుకుని బొట్టు పెట్టినట్టు పెట్టి వదిలేయాలి, రాయకండి, రాస్తే చదునైపోతుంది.

అది ఎండేలోపు అంచు చూద్దాం. చైనా ప్లేట్ల మీది అలలు, రాళ్ళు చూసి వేస్తూ వేస్తూ ఇజ్నిక్ పనివాళ్ళ చేతుల్లో అవి నత్తగుల్లల్లా చుట్టలైపోయాయి, మీకెలా వస్తే అలా తిప్పేయండి.